జిగురు రెక్క కింద గుర్తు

జనవరి 9

పెద్దమ్మా,

ఉత్తరం చూడగానే "దీనికేదో పని పడింది" అనుకుంటావని తెలుసు. పడింది. కానీ ముందు కుశలం అడిగి ఆ తర్వాతే పనిలోకి దిగుతాను, లేకపోతే పిల్లని మర్యాద లేకుండా పెంచిందని మీ చెల్లెలికి మాట వస్తుంది. మొన్న ఫోన్లో నేను పది నిమిషాలు మాట్లాడితే నువ్వు "సరే సరే" అని పెట్టేశావు. ఒక్క ముక్క వినపడలేదట కదా, అమ్మ చెప్పింది. ఇరవై రెండేళ్లు ఆ అట్టపెట్టెల కార్ఖానాలో కోత మిషను పక్కన నిలబడితే చెవులు మాత్రం ఏం చేస్తాయి. అందుకే ఇకనుంచి నీతో కాగితం మీదే మాట్లాడాలని నిర్ణయించుకున్నాను.

ఇక పని. నేను విద్యార్థుల డిజైను పోటీలకి పంపుతున్న సంగతి నీకు తెలుసు. ఇప్పటికి నాలుగు. లైబ్రరీకి ఒక పోస్టరు, రక్తదానానికి ఒక పోస్టరు, బస్సు టికెట్టు, సబ్బు కవరు. మూడు గోడకి కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి, నాలుగోది తిరిగి కూడా రాలేదు. మా మార్జిన్ మాస్టారు (ఎవరేం గీసినా "చుట్టూ ఖాళీ వదలండి" అంటారు, అందుకని ఆ పేరు) నా పనంతా ముందేసుకుని చూసి, "తెర మీద బాగుంటుందమ్మా, చేతిలోకి రాదు" అన్నారు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు ఐదోది. ఇదే ఆఖరిది కూడా. ఈ ఏడాది చదువు పూర్తయ్యేలోగా నాకో దారి దొరికితే సరే, లేకపోతే ఇంటికొచ్చి నాన్న ఫోటోకాపీ షాపులో కూర్చోవాలని అమ్మ తేల్చి చెప్పేసింది. అమ్మ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు కదా. ఈ పోటీలో మొదటొచ్చినవాళ్లని ఒక పెద్ద డిజైను ఆఫీసు ఏడాదిపాటు పనిలోకి తీసుకుంటుంది. నాకు అది కావాలి పెద్దమ్మా. పైకి నవ్వుతూ రాస్తున్నానుగానీ, చాలా కావాలి.

చెయ్యాల్సింది ఏమిటంటే, చేతిలో పట్టులేని పెద్దవాళ్లు ఎవరి సాయమూ లేకుండా తెరుచుకోగలిగే మందుల పెట్టె. దీనికోసం నేను పదకొండు వ్యాసాలు చదివాను. పెట్టెని విప్పి పరిచినట్టు అసలు కొలతల్లో గీసిన కాగితం ఇందులో పెట్టాను. దాన్ని అట్ట మీద కోసి, మడిచి, అతికించి ఇస్తావా? మా కాలేజీలో ఉన్న ఒక్క కోత మిషను ముందు నలభై మంది నిలబడి ఉన్నారు. తయారుచెయ్యడానికి బయటివాళ్ల సాయం తీసుకోవచ్చు, ఆలోచన మాత్రం విద్యార్థిదే అయ్యుండాలి. గడువు దగ్గరపడింది, కాబట్టి నాకు పంపకుండా కింద రాసిన అడ్రసుకే పంపెయ్. ఎవరిదో తెలియకుండా మార్కులు వేస్తారట, అందుకని ఎక్కడా ఎవరి పేరూ ఉండకూడదు. నా నంబరు 217. అది ఒక్కటే రాయి.

నా పక్క మంచం పిల్ల రేపటి వక్తృత్వ పోటీకి అద్దం ముందు నిలబడి గంటనుంచి అరుస్తోంది. ఈ నిమిషానికి మాత్రం నీ చెవులు నాకిస్తే బాగుండనిపిస్తోంది.

నీ ఉడత


జనవరి 15

ఉడతా,

పని పడితేనే పెద్దమ్మ గుర్తొస్తుందని నేననలేదు, నువ్వే అన్నావు. నీ నోటితో నువ్వే ఒప్పుకున్నాక నాకు తిట్టే పని తప్పింది.

అక్షరాలు ఇలా కుంటుతున్నాయేమిటని అడక్కు. పెన్ను మొండికేసింది. పైవాటాలో ఉండేవాళ్లు మొక్కలకి నీళ్లు పోసినప్పుడల్లా కింద ఆరేసుకున్న నా బట్టలకి రెండోసారి స్నానం అవుతోంది. చెప్తే నవ్వుతారు. వాళ్లు తిరిగి ఏమంటున్నారో నాకు వినపడదు కాబట్టి గొడవ ముదరదు. చెవుడుతో వచ్చిన లాభం ఇదొక్కటే.

కార్ఖానాలో కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. వయసు తక్కువ, చెప్పులు చప్పుడవుతాయట. మొన్న బిస్కెట్ల పెట్టెల కట్ట ఒకటి అడుగు ఊడిపోయిందని తిరిగొచ్చింది. ఎవరు చేశారని అతను అందర్నీ నిలబెట్టి అడుగుతుంటే నాకు నవ్వొచ్చింది. పక్కన జిగురు పూసి లోపలికి అతికించే రెక్క ఉంటుంది చూడు, కొన్నవాళ్లకి ఎప్పటికీ కనపడదే, అది. దాన్ని విప్పితే కింద ఎవరి గుర్తు వాళ్లది ఉంటుంది. పెన్సిలుతో పెట్టుకుంటాం. ఒకామెది వేపాకు, ఒకతనిది ఏడో అంకె. నాది రెండు చుక్కలు, కింద ఒక అడ్డగీత. చిన్నప్పుడు నువ్వు దాన్ని "నవ్వని పెద్దమ్మ" అనేదానివి. ఇక్కడివాళ్లూ అదే అంటారు. విప్పి చూపిస్తే అతని గొంతు దిగిందట.

నీ బొమ్మ చూశాను. గీతలు శుభ్రంగా ఉన్నాయి. ఎలా తెరుచుకుంటుంది, ఎందుకలా గీశావు అని నేనడగను. వచ్చిన బొమ్మని ప్రశ్నించడం మా పని కాదు. అట్టకి కూడా గుడ్డకున్నట్టే నిలువూ అడ్డమూ ఉంటాయి, అవి చూసి మడవడం మా పని. ఆదివారం కూర్చుంటాను.

మీ అమ్మ మాటకి బెంగపెట్టుకోకు. అది చిన్నప్పుడు నన్ను కూడా ఇలాగే బెదిరించేది, నాకంటే నాలుగేళ్లు చిన్నదై ఉండి.

పెద్దమ్మ


జనవరి 24

ఉడతా,

పంపేశాను. రసీదు దీంతో ఉంది. పొట్లం మీద 217 తప్ప ఒక్క అక్షరం రాయలేదు. పోస్టాఫీసులో అమ్మాయి పంపేవారి పేరు రాయమంటే, రాయకూడదని గట్టిగా చెప్పాను. నా కేసి అదోలా చూసింది.

పెద్దమ్మ


ఫిబ్రవరి 19

పెద్దమ్మా, పెద్దమ్మా,

కూర్చుని చదువు. మూడువందల పైచిలుకు పెట్టెల్లో ఐదింటిని తీశారు. అందులో 217 ఉంది! కాగితం చూసి నేను ఎగిరిన ఎగురుడికి కింద గదివాళ్లు పైకొచ్చారు. మార్జిన్ మాస్టారు కూడా మార్జిను దాటి నవ్వారు.

నిర్ణేతలు రాసింది నీకోసం ఎత్తి రాస్తున్నాను: "మూత విషయంలో ఈ విద్యార్థి ఆలోచన ఈ ఏడాది మేము చూసినవాటిలో మేలైనది. వేళ్లు వంగనివారు సైతం తెరవగలరు." చూశావా, పదకొండు వ్యాసాలు ఊరికే పోలేదు. ఆ మూత కోసం నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. కొసని నాలుకలా సాగదీసి, రెండు వేళ్లతో పట్టుకుని లాగేలా ఎన్నిసార్లు గీశానో.

మాస్టారు మాత్రం ఒక మాట అన్నారు. చేసిచ్చినవాళ్లు ఏదైనా మార్చారేమో కనుక్కో, ఎందుకంటే "ఆలోచన అంతా నాదే" అని సంతకం పెట్టి పంపాలి అని. నువ్వేం మారుస్తావు, నాకు తెలుసు. అయినా అడగమన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏమైనా మార్చావా?

మార్చి పదిన అక్కడికి వెళ్లి నా పెట్టె ముందు నిలబడి చెప్పాలి. నేను దాన్ని చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి, తమాషాగా లేదూ?

ఎగురుతున్న ఉడత


ఫిబ్రవరి 25

ఉడతా,

సంతోషం. రెండు రోజులుగా కార్ఖానాలో అందరికీ చెప్తున్నాను, విననివాళ్లకి రెండుసార్లు.

నువ్వడిగినదానికి జవాబు. నేనేం మారుస్తాను? నువ్వు గీసింది కోశాను, కోసింది మడిచాను. బొమ్మలో గీతని వెంట్రుకవాసి జరిపినందుకు మా దగ్గర ఒకతన్ని అదే రోజు ఇంటికి పంపేశారు, పదేళ్ల కిందటి మాట. పెట్టె ఇంకా మెరుగైందని అతను మొత్తుకున్నాడు. అయినా పంపేశారు. అలాంటి చోట ఇన్నేళ్లు చేసినదాన్ని, నీ బొమ్మ మీద చెయ్యి వేస్తానా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నిశ్చింతగా సంతకం పెట్టు. ఈ మాట మళ్లీ అడక్కు.

వెళ్లేటప్పుడు నీలం రంగు చొక్కా వేసుకో. మాట్లాడేటప్పుడు చేతులు ఊపకు.

పెద్దమ్మ


మార్చి 11

పెద్దమ్మా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొడుగాటి గది, ఐదు బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక పెట్టె. నాది మూడో బల్ల. దగ్గరికెళ్లి చూస్తే పెట్టె ముందు పక్క, మూత అంచు కింద చంద్రవంకలా ఒక గాటు ఉంది. నేను గీసిన నాలుక లేదు. అందులో వేలి కణుపు ఆనించి పైకి నెడితే చాలు, మూత తెరుచుకుంటోంది. వాళ్లు మెచ్చుకున్నది ఆ గాటుని. నేను గీసినదాన్ని కాదు. నా పెట్టె ముందు నేనే చుట్టంలా నిలబడ్డాను.

ఇంకా అయిపోలేదు. నిర్ణేతల్లో ఒకాయన పాతకాలం ముద్రాపకుడు. పెట్టెని పరిచి చూస్తానని సన్నటి బ్లేడుతో జిగురు రెక్క విప్పారు. దాని కింద రెండు చుక్కలు, ఒక అడ్డగీత. నవ్వని పెద్దమ్మ నాకేసి చూస్తోంది.

ఇది ఎవరి గుర్తు అని అడిగారు. ఎక్కడా ఏ గుర్తూ ఉండకూడదన్న రూలు చదివి వినిపించారు. తెలీదన్నాను.

ఆలోచన అంతా నాదేనని సంతకం పెట్టాను, నీ మాట నమ్మి. నిశ్చింతగా పెట్టమన్నావు. ఇరవై ఎనిమిదిలోగా రాతలో సంజాయిషీ ఇవ్వాలి. గుర్తు తయారుచేసినవాళ్ల పొరపాటేనని, ఆలోచనలో వాళ్లకి భాగం లేదని రాసిస్తే చూస్తారట. లేకపోతే పేరు తీసేస్తారు.

ఎందుకు మార్చావు? మార్చి కూడా మార్చలేదని ఎందుకన్నావు? పోనీ అదంతా సరే, నా పని మీద నీ సంతకం ఎందుకు పెట్టావు పెద్దమ్మా? నీకు మెప్పు కావాలనుంటే అడగాల్సింది. నేనే నలుగురికీ చెప్పేదాన్ని.

ఇంతకంటే రాయలేను.


మార్చి 17

అమ్మాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు కోపంతో, ఒకసారి మామూలుగా. ఆ నాలుగోసారి తర్వాతే రాస్తున్నాను.

ముందు గుర్తు సంగతి. అది సంతకం కాదు. ఇరవై రెండేళ్లలో ఒక్క పెట్టె బాగుందని ఎవరూ రెక్క విప్పి చూడలేదు. బాగున్న పెట్టెని ఎవరు విప్పుతారు? ఊడినప్పుడు, చిరిగినప్పుడు, తిరిగొచ్చినప్పుడే విప్పుతారు. మెప్పుదేముంది, అది ఎవరికో ఒకరికి పోతుంది. తిట్లు మాత్రం వెతుక్కుంటూ సరైన మనిషి దగ్గరికే రావాలి, పక్కనున్న పాపానికి ఇంకొకరు పడకూడదు. అందుకు పెడతాం ఆ గుర్తు. నీ పెట్టె ఊడితే నిన్ననకుండా నన్ననాలని పెట్టాను. పెట్టానని కూడా నాకు గుర్తు లేదు. చెయ్యి దానంతటది పెట్టేసింది. ఎవరి పేరూ ఉండకూడదన్నావు, అది నా పేరని నాకు ఏనాడూ తోచలేదు.

ఇక గాటు. అందులో నాది తప్పే. పెన్ను మొండికేసిందని రాశానే, పెన్నుకేం రోగం లేదు. నా కుడి బొటనవేలు వంగడం మానేసి ఏడాది దాటింది. ఎడమది కూడా దాని దారే పట్టింది. కార్ఖానాలో ఎవరికీ చెప్పలేదు. పెట్టె మడిచి చూసి పంపే చేతికి బొటనవేలు పనిచెయ్యదంటే ఆ సూపర్‌వైజరు నన్ను ఎక్కడ కూర్చోబెడతాడో నాకు తెలుసు. మీ అమ్మకీ చెప్పలేదు.

నువ్వు గీసినట్టే ఆదివారం మొదటి పెట్టె చేశాను. జిగురు ఆరాక తెరిచి చూద్దామనుకున్నాను. నాలుకని పట్టుకోవాలంటే బొటనవేలు వంగాలి కదా. మూడుసార్లు ప్రయత్నించాను, చివరికి పంటితో లాగాను. నువ్వు ఎవరికోసం గీశావో ఆ మనిషిని నేనే, నాకే అది తెరుచుకోలేదు. నీకు రాద్దామంటే గడువు లేదు. పైగా రాస్తే వేలి సంగతి చెప్పాలి. రెండో పెట్టె కోశాను, గాటు పెట్టాను, కణుపుతో నెడితే తెరుచుకుంది. పంపేశాను.

నువ్వు మార్చావా అని అడిగేసరికి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. బొమ్మ మార్చడం మా దగ్గర ఎంత నేరమో రాశాను కదా. అది నిన్ను నమ్మించడానికి రాసింది కాదు, నా భయం రాశాను.

ఇప్పుడు విను. దీంతో ఇంకో కాగితం ఉంది, నా సంతకంతో. గుర్తు నాది, పొరపాటున పడింది, గాటు బొమ్మలోనే ఉంది, నేను కోశానంతే అని రాశాను. అది వాళ్లకిచ్చెయ్. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు, నేనాడేది ఒక్కటే. దానికి నాకేం పాపం అంటదు. నువ్వు ఫోటోకాపీ షాపులో కూర్చోకూడదు.

నాకు మెప్పు కావాలనుకున్నావు చూడు, అది మాత్రం నొప్పిగానే ఉంది. దాచను.

పెద్దమ్మ


మార్చి 30

పెద్దమ్మా,

నీ కాగితం నేను వాళ్లకివ్వలేదు. నా పుస్తకంలో పెట్టుకున్నాను, ఇంకెప్పుడూ అలాంటిది రాయకు.

ఇద్దామనే అనుకున్నాను, నిజం చెప్పాలిగా. కవరులో పెట్టి అడ్రసు కూడా రాశాను. తర్వాత మళ్లీ విప్పి, నువ్వు రాసిన అక్షరాలు చూస్తూ కూర్చున్నాను. ఒక్కో అక్షరం రెండు ముక్కలుగా ఉంది. ఆ చేత్తో నాకోసం అబద్ధం రాయడానికి నీకెంతసేపు పట్టిందో అనుకున్నాక ఇంక పంపలేకపోయాను. జనవరిలోనే ఆ అక్షరాలు చూశాను. కుంటుతున్నాయని నువ్వే చెప్పావు, నేను పెన్నుని నమ్మాను. పదకొండు వ్యాసాలు చదివినదాన్ని, ఒక్క ఉత్తరం చదవలేకపోయాను.

నేనే వెళ్లి రాసిచ్చాను. పెట్టె నేను గీశానని, అది తెరుచుకోలేదని, తెరుచుకునేలా చేసింది మా పెద్దమ్మ అని, గుర్తు ఆవిడదని, తెలీదన్న రోజున నేను అబద్ధమాడానని. ఆ బ్లేడు పెద్దాయన చదివి, మీ పెద్దమ్మ ఎన్నేళ్లుగా చేస్తోందని అడిగారు. ఇరవై రెండు అన్నాను. తలూపి, నా పేరు కొట్టేశారు. రూలు అంటే రూలేగా. మొదటి బహుమతి సొరుగులా జారే పెట్టె చేసిన ఒకబ్బాయికి వచ్చింది. నిజంగా బాగుంది, ఏడుపుగొట్టుగా అనడం లేదు. ఏడవాల్సింది నిన్ననే ఏడ్చేశాను.

మార్జిన్ మాస్టారికి చెబితే ఏమీ అనలేదు, చుట్టూ చాలా ఖాళీ వదిలారు. అమ్మకి మాత్రం అన్నీ చెప్పాను, వేలి సంగతి కూడా. నిన్ను తిడుతూ ఉత్తరం వస్తుంది, సిద్ధంగా ఉండు. మే నెలలో ఇంటికెళ్తాను. షాపులోనే కూర్చుంటాను, ఇచ్చిన మాట కదా.

మెప్పు గురించి రాసిన మాట వెనక్కి తీసుకోలేను, అది నీ ఇంట్లో కాగితం మీద ఉంది. క్షమించు. దాన్ని చింపెయ్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంటుంది, తెలుసు.

దీంతో ఒక పెట్టె వస్తుంది. మూడు రోజులు నా రెండు బొటనవేళ్లనీ అరచేతులకి ప్లాస్టరు వేసి అంటించుకుని తిరిగాను. జడ వేసుకోలేకపోయాను, చొక్కా గుండీలు పక్క మంచం పిల్ల పెట్టింది, సబ్బు ఎన్నిసార్లు జారిపోయిందో లెక్క లేదు. ఆ తర్వాతే గీశాను. గాటు నీదే, దాన్ని మధ్యకి జరిపి కాస్త వెడల్పు చేశాను, రెండు చేతుల్లో దేనితోనైనా తెరవొచ్చని. కోసిందీ మడిచిందీ అతికించిందీ నేనే. మడవడానికి మాత్రం ప్లాస్టరు తీసేశాను. ఇది ఏ పోటీకీ కాదు. ఇందులో నీ మాత్రలు వేసుకో.

ఉడత


ఏప్రిల్ 9

ఉడతా,

పెట్టె వచ్చింది. మీ అమ్మ తిట్లు కూడా దాని వెనకే వచ్చాయి, నాలుగు పేజీలు. చివర్న డాక్టరు దగ్గరికి తనే వచ్చి తీసుకెళ్తానని రాసింది. నాకు మాత్రం ఆ చివరి మాటకంటే తిట్లున్న మొదటి పేజీయే బాగుంది.

నువ్వు అక్కడికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పొచ్చాక నేను ఇక్కడ వేలు దాచుకుని కూర్చుంటే సిగ్గనిపించింది. సోమవారం సూపర్‌వైజరుకి చెప్పాను. అతనేదో అన్నాడు, నాకు వినపడలేదు, కాగితం మీద రాయమన్నాను. "మీరు కూర్చుని చూడండి, మడత వేరేవాళ్లు వేస్తారు" అని రాశాడు. ఇంటికి పంపిస్తాడనుకున్నాను. కుర్చీ వేశాడు.

ఇక నీ పెట్టె. గాటు బాగా కుదిరింది. రెండు చేతులతోనూ తెరిచాను, పళ్లతో పని పడలేదు. కానీ మూత సరిగ్గా పడటం లేదు. కుడి మూల గోరంత లేచే ఉంటోంది. మడత కోసం అట్ట మీద నొక్కే గాడి పైపైన కొట్టావు, అట్టని నిలువు చూసుకోకుండా అడ్డంగా కోశావు. ఇలాంటిది నా చేతి కిందికొస్తే తిప్పి పంపేదాన్ని.

తప్పున్న పెట్టెని మేమేం చేస్తామో నీకు రాశాను కదా. అదే చేశాను. గోరువెచ్చటి నీళ్లతో తడిపి జిగురు రెక్క విప్పాను, ఎవరి చేతి పనో చూద్దామని. పెన్సిలుతో చిన్న తోక ఉంది, కొస చుట్టుకుని. తప్పు దొరికింది, తప్పు చేసిన మనిషీ దొరికింది, ఇంక ఎవర్నీ నిలబెట్టి అడగక్కర్లేదు.

మళ్లీ అతికించాను. మాత్రలు అందులోనే వేసుకున్నాను, మంచం పక్కనే ఉంది.

మేలో షాపుకెళ్లే ముందు నాలుగు రోజులు ఇక్కడికి రా. గాడి ఎంత లోతు కొట్టాలో ఉత్తరంలో రాస్తే రాదు, పక్కన కూర్చోవాలి. నేను చూస్తాను, నువ్వు మడువు. మళ్లీ పెట్టె గీస్తే మాత్రం మొదట నాకు పంపు, తెరిచి చూసి చెప్తాను. చెయ్యి వెయ్యను.

నీ మార్చి ఉత్తరం చింపెయ్యమన్నావు. చింపలేదు. అందులో పేరు రాయడం మర్చిపోయావు, ఒక్కసారి చూసుకో. ఇక మీదట కోపంతో రాసినా సరే, కింద పేరు పెట్టు.

పెద్దమ్మ